బిగ్ బీవర్ రోడ్డు మీద వంతెన

ఛాయాదేవి వదినకి కాళ్ళు బాగానే ఉన్నాయి. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే అమెరికాలో మేముండే ఈ ట్రాయ్ ఊళ్ళో సగం మంది ఆవిడ నడవలేదనే అనుకునేవారు. మిగతా సగం మందికి ఆవిడెవరో తెలియదు.

దానికంతటికీ కారణం వీల్‌చైర్. మొట్టమొదట ఇండియా నుంచి ఒంటరిగా వచ్చినప్పుడు కొడుకు శశికాంత్ ఆవిడకి ఎయిర్‌పోర్టులో వీల్‌చైర్ బుక్ చేశాడు. మనవాళ్ళ అమ్మలందరికీ చేసేదే. కాళ్ళ కోసం కాదు, ఇంగ్లీషు కోసం. అందులో కూర్చుంటే నెట్టేవాడే మనల్ని సరైన గేటుకి చేరుస్తాడు, ఆఫీసరు అడిగినదానికి కాగితాలు చూపిస్తాడు, మనం నోరు మెదపక్కర్లేదు. నేనూ అలాగే వచ్చాను. దోహాలో విమానం మారేటప్పుడు తెలుగు అమ్మలందరం వరసగా కుర్చీల్లో కూర్చుని, పేరంటానికి వచ్చినట్టు ఒకరి కూతురి సంగతి ఒకరం చెప్పుకున్నాం. విమానం ఎక్కగానే అందరం లేచి, ఎవరి సామాను వాళ్ళం పైన సర్దుకున్నాం. పరిచారిక పిల్ల నోరు తెరుచుకుని చూసింది.

నేను దిగిన మర్నాటినుంచీ నడుస్తూనే ఉన్నాను. ఛాయ వదినా నడిచింది. కానీ శశికాంత్ ప్రతిసారీ ఎయిర్‌పోర్టులో మొదట చూసింది కుర్చీలో ఉన్న అమ్మని. ఇంట్లో ఆవిడ మేడ మెట్లు ఎక్కి దిగుతున్నా, ఉతికిన బట్టల బుట్ట చంకన పెట్టుకుని తిరుగుతున్నా, అతని తలలో ఆ కుర్చీయే ఉండిపోయింది. కార్ల బ్రేకులు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు. ఒకసారి టెస్ట్ అయిపోయిందంటే మళ్ళీ ఆ వైపు చూడని మనిషి.

అందుకని ఏ ట్రిప్పు వేసుకున్నా ఆవిడని ఇంట్లో ఉంచే వెళ్ళేవారు. లిస్బన్ వెళ్ళారు, రోమ్ వెళ్ళారు. వాళ్ళ హాల్లో గోడ నిండా ఆ ఫోటోలే. శశికాంత్, కోడలు సుధ, మనవరాలు హాసిని, ప్రతి దాంట్లోనూ ముగ్గురే. వచ్చినవాళ్ళకి ఛాయ వదిన ఒక్కో ఫోటో చూపించి, "ఇది తీసినప్పుడు నేను మొక్కలకి నీళ్ళు పోస్తున్నాను," అని చెప్పేది. నవ్వుతూనే చెప్పేదనుకోండి.

కిందటి శీతాకాలం ప్రాగ్ అన్నారు. చెక్ దేశానికి రాజధానిట. వందల ఏళ్ళనాటి ఊరు, మధ్యలో నది, నది మీద విగ్రహాల వంతెన, కొండ మీద కోట. సుధ లాప్‌టాప్ ముందేసుకుని ప్లాను వేస్తోంది. మనవాళ్ళు ఊరు చూడరు, కవర్ చేస్తారు. పొద్దున కోట కవర్, మధ్యాహ్నం గడియారం కవర్, సాయంత్రం పడవ కవర్. ఆవేళ నేనూ అక్కడే ఉన్నాను, సున్నుండ తింటున్నాను.

"నేనూ వస్తానురా," అంది ఛాయ వదిన.

సుధ చేతులు కీబోర్డు మీదే ఆగిపోయాయి.

"అమ్మా, అక్కడంతా నడకే," అన్నాడు శశికాంత్. "కార్ ఉండదు. వీధులన్నీ రాళ్ళు పరిచి ఉంటాయి. వీల్‌చైర్ కూడా సరిగ్గా వెళ్ళదు."

"వీల్‌చైర్ ఎవరడిగారు?"

"రోజుకి ఐదారు మైళ్ళు పడుతుందత్తయ్యా," అంది సుధ మెత్తగా. "మధ్యలో మీకు కష్టమైతే ఎక్కడ కూర్చోబెడతాం?"

"నాయనమ్మ కెన్ వాక్, డాడ్," అంది హాసిని ఫోన్‌లోంచి తల ఎత్తకుండా. "షీ వాక్స్ ఆల్ డే."

శశికాంత్ కూతుర్ని చూశాడు, తల్లిని చూశాడు. "సరే. జనవరి ఆఖర్లో వీసాకి అప్లై చేస్తాం. ఆలోపు నడిచి చూపించు. నాకు నమ్మకం కుదిరితే నీకూ చేస్తా," అన్నాడు.

బళ్ళో పిల్లకి పరీక్ష పెట్టినట్టు పెట్టాడు. ఆవిడా పిల్లలాగే తల ఊపింది. నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని, పరీక్షల సంగతి నాకేం తెలుసు, అందుకని ఇంకో సున్నుండ తీసుకున్నాను.

డిసెంబర్‌లో మా ట్రాయ్‌లో బయట ఎక్కడ నడుస్తారు? పైన మంచు, దాని కింద గాజులాంటి ఐసు. పెద్దవాళ్ళమందరం మాల్‌లోనే నడుస్తాం. దుకాణాలు తెరవకముందే పెద్ద తలుపులు తీసేస్తారు. మా అల్లుడు రాధాకృష్ణ ఆఫీసుకి వెళ్తూ మా ఇద్దర్నీ అక్కడ దింపేవాడు. ఛాయ వదినకి చీర మీద స్వెట్టర్, స్వెట్టర్ మీద కోటు, కాళ్ళకి హాసిని వదిలేసిన గులాబీ రంగు బూట్లు.

మా మాల్ రెండు ముక్కలు. బిగ్ బీవర్ రోడ్డుకి అటొకటి, ఇటొకటి, రెంటికీ మధ్య రోడ్డు మీదుగా గాజు వంతెన. మొదటిరోజు ఆ వంతెన మధ్యలో ఆవిడ ఆగిపోయింది. కింద కార్లు వరసలు వరసలుగా పోతున్నాయి.

"వదినా, వంతెన ఇదే," అంది. "అదే నది."

అంతే, ఆ పూట నుంచి మాల్ మొత్తం ప్రాగ్ అయిపోయింది. సుధ ప్లాను హాసిని ఆవిడకి చెప్పేది, ఆవిడ నాకు చెప్పేది. అక్కడి పాత గడియారంలో గంటగంటకీ బొమ్మలు తిరుగుతాయిట. దాన్ని నగల దుకాణం ముందు పెట్టుకున్నాం. బొమ్మలు వచ్చేదాకా జనంలో నిలబడాలిట కదా, మేమూ దుకాణం ముందు ఊరికే నిలబడేవాళ్ళం. కాపలా మనిషి రెండు రోజులు అనుమానంగా చూసి, మూడోరోజు నుంచి గుడ్ మార్నింగ్ చెప్పాడు. కోట అంటే కార్లు నిలిపే మేడ మెట్లు. ఆ చలిలో ఎక్కుతుంటే ఇద్దరి నోళ్ళలోంచీ పొగ వచ్చేది. వంతెన మీద కదిలే పట్టా ఒకటుంది, నిలబడితే చాలు, అదే అవతలికి చేరుస్తుంది. నేను ఎక్కబోతే ఆవిడ కొంగు పట్టుకుని లాగింది.

"అక్కడి వంతెన కదలదు వదినా."

నీళ్ళు చిమ్మే ఫౌంటెన్ దగ్గర పడవ. పడవలో కూర్చోవచ్చు కాబట్టి అక్కడ కూర్చుని జంతికలు తినేవాళ్ళం. ప్రాగ్ మొత్తంలో నాకు నచ్చింది పడవే.

ఏలూరులో లారీలు తిప్పి, ఇప్పుడు కూతురి దగ్గర ఉంటున్న పాపయ్యగారు కూడా రోజూ నడవడానికే మాల్‌కి వచ్చేవారు. కాఫీ కొట్టు దాకా నడిచి అక్కడే ఆగిపోయేవారు.

"ఏమ్మా, కోట ఎక్కారా ఇవాళ?"

"ఎక్కాం అన్నయ్యగారూ."

"రాజుగారున్నారా?"

"లేరు. కాఫీకి మీ దగ్గరికే వచ్చారని చెప్పారు," అంది ఛాయ వదిన ఆగకుండానే.

మొదటి వారాల్లో ఆవిడ పిక్కలు పట్టేశాయి. కొడుక్కి తెలిస్తే అంతటితో సరి అని మా ఇంటికి వచ్చి ఆముదం రాయించుకునేది. చమురు రాస్తుంటే అమ్మా అనేది కాదు, అబ్బా అనేది కాదు, కళ్ళు మూసుకుని "ఇప్పుడు కోట, ఇక దిగడం సులువు," అనుకునేది. క్రిస్మస్ దీపాలు తీసేసే వేళకి నేనే వెనకబడ్డాను.

జనవరి ఆఖరి శనివారం శశికాంత్ చేతికి వాచీ కట్టుకుని తల్లితో మాల్‌కి వచ్చాడు. అడుగులు ఆ వాచీయే లెక్కపెట్టుకుంటుందిట. నేను కాస్త ఎడంగా నడిచాను. వంతెన దగ్గరికి రాగానే అతను అలవాటుగా కదిలే పట్టా ఎక్కేశాడు.

"అది ఎక్కకూడదురా."

"ఎందుకమ్మా?"

"దిగు, చెప్తాను."

దిగాడు. ఆవిడ అప్పటికే ముందుకి నడిచేసింది. గడియారం దగ్గర నిలబెట్టింది, మెట్లన్నీ ఎక్కించింది. పైకి వెళ్ళేసరికి అతను కమ్మీ పట్టుకుని నిలబడి, ఫోన్ చూస్తున్నట్టు నటించాడు. ఆవిడ ఎక్కిన మెట్ల వైపు తిరిగి చూస్తూ, "తొందరేం లేదులే," అంది.

ఫౌంటెన్ దగ్గర కూర్చున్నాక అతను వాచీ చూసుకున్నాడు. "ఇంత నడుస్తావని నాకెప్పుడూ చెప్పలేదేమ్మా?"

"నువ్వడిగావా?" అంది ఆవిడ, జంతికల డబ్బా మూత తీస్తూ.

సోమవారం ఆవిడ పేరు కూడా వీసాకి పెట్టాడు. వీసాలు వచ్చాయి, టికెట్లు కొన్నారు.

కథ ఇక్కడితో అయిపోయిందని నేనూ అనుకున్నాను. ఏప్రిల్ మొదట్లో, హాసినికి బడి సెలవులిచ్చినప్పుడు ప్రయాణం. మా రాధాకృష్ణ వ్యానులో వాళ్ళని డెట్రాయిట్ ఎయిర్‌పోర్టుకి తీసుకెళ్ళాడు. మొక్కలకి నీళ్ళు పోసే పని ఈసారి నాది, ఇంటి తాళం నా చేతిసంచీలో ఉంది. అల్లుడు వ్యాను నిలపడానికి వెళ్తే నేను వాళ్ళతో లోపలికి వెళ్ళాను. సామాను ఇచ్చేచోట ఒక పొడుగాటి మనిషి నిలబడి ఉన్నాడు. ముందు వీల్‌చైర్. చేతిలో కాగితం మీద ఛాయ వదిన పేరు.

అందరం శశికాంత్ వైపు చూశాం.

"కోప్పడకమ్మా," అన్నాడు. "ఆ సెక్యూరిటీ లైన్ చూడు, ఎంతుందో. నువ్వు ఇందులో కూర్చుంటే మనందర్నీ పక్కనుంచి పంపించేస్తారు. అందరూ చేసేదే ఇది."

నిజమే, అందరూ చేసేదే. నేనైతే కూర్చుని దుప్పటి కూడా అడిగేదాన్ని.

ఛాయ వదిన కుర్చీ చేతిమీద వేలు పెట్టి రాసింది, దుమ్ము ఉందేమో చూస్తున్నట్టు.

"ఇందులో కూర్చుంటే అక్కడ దిగాక?"

"అక్కడా వస్తుంది. బుక్ చేశా."

"తిరిగొచ్చినప్పుడు?"

"అప్పుడూ."

"అయితే వచ్చే ట్రిప్పుకి మళ్ళీ మొదటినుంచీ నడిచి చూపించాలి నీకు," అంది ఆవిడ. గొంతు పెంచలేదు. "అప్పుడు ఇంగ్లీషు రాక కూర్చున్నాను శశీ. ఇవాళ మాట్లాడటానికి మీరు ముగ్గురున్నారు. నాకు కుర్చీ దేనికి?"

"గంట పడుతుందమ్మా ఆ లైను!"

"పట్టనీ. గడియారం దగ్గర నిలబడినట్టు నిలబడతాను."

"లైన్లోకి పదండి, ఇంకా పెరుగుతుంది," అంది సుధ, పెట్టె పట్టుకుని ముందుకి కదులుతూ. హాసిని ఆ మనిషితో "షీ డజంట్ నీడ్ ఇట్, థాంక్యూ" అని చెప్పింది. అతను నవ్వి, టోపీ ముట్టుకుని, ఖాళీ కుర్చీ తోసుకుంటూ వెళ్ళిపోయాడు.

వాళ్ళు లైను చివర చేరారు. నెమలికంఠం రంగు పట్టుచీర కింద గులాబీ బూట్లు, దూరం నుంచి కూడా ఆనవాలు పట్టేలా ఉన్నాయి. లైను మెలిక తిరిగేదాకా చూశాను. ఆవిడ నిటారుగా నిలబడి ముందున్నవాళ్ళ పిల్లాడిని ఆడిస్తోంది. శశికాంత్ మాత్రం ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటున్నాడు.

ఆ వారమంతా నేను మొక్కలకి నీళ్ళు పోశాను. మాల్‌కి ఒక్కదాన్నే వెళ్ళి పడవలో కూర్చుని వచ్చాను.

ఇప్పుడు వాళ్ళ హాల్లో కొత్త ఫోటో ఉంది. విగ్రహాల వంతెన మీద నలుగురూ నిలబడ్డారు, దారినపోయే ఎవరో తీసిపెట్టారుట. ముగ్గురు తిన్నగా మనవైపే చూస్తున్నారు. ఛాయ వదిన మాత్రం తల పక్కకి తిప్పి, వంతెన గోడ మీంచి కిందికి చూస్తోంది. మూడుసార్లు తీసినా అంతేనట. శశికాంత్ విసుక్కుని, చివరికి అదే పెద్దది చేయించి గోడకి పెట్టాడు.

"అంత ఊరు పెట్టుకుని కిందికేం చూశావు వదినా?" అని అడిగాను.

"ఏముంది, కార్లేవా అని చూశాను," అంది.