జోడికి ఒక్క పేరు

భైంసా పత్తి మిల్లులో మునీంగా హాజరు బుక్కు రాసింది నేనే. ఆరేళ్లపాటు రోజూ పొద్దున అవే తొమ్మిది పేర్లు రాశాను. కిష్టవ్వ చేయి తెగింది గానీ, న్యాయంగా తెగవలసింది నా చేయి.

మా విఠల్ సేఠ్ మిల్లు పెద్దదేం కాదు. రేకుల షెడ్డు, ఒక ఆయిల్ ఇంజను, పత్తి నుంచి గింజ విడదీసే మిషన్లు ఎనిమిది. ఒక్కో మిషనుకు ఒక జోడి. జోడి అంటే మొగుడూ పెళ్లామూ. మొగుడు మెట్టుమీద నిలబడి పత్తి వేస్తాడు. పెళ్లాం కింద కూర్చుని రోలరు దగ్గర దూది లాగుతుంది. కూలి ఇచ్చేది జోడికి, రాసేది మొగుడి పేరు. ఎనిమిది జోడీలకు ఎనిమిది పేర్లు, ఇంజను నడిపే రహీమ్‌ది తొమ్మిదోది. కలం పట్టేవాడు పనివాళ్ల లెక్కలోకి రాడట, అందుకని నేను లేను.

పనిలో చేరిన కొత్తలో ఆడవాళ్ల పేర్లు కూడా అడిగాను. భూమవ్వ పకపకా నవ్వింది.

"మా పేర్లెందుకు మునీంసాబ్? మా ఆయన వచ్చిండంటె నేనొచ్చినట్టే గదా!"

సేఠ్ కూడా నవ్వాడు. ఆ నవ్వు సంగతి నాకు తర్వాత తెలిసింది. ఇంజనుతో పని నడిచేచోట పదిమంది ఉంటే, దెబ్బ తగిలినవాళ్లకు యజమాని నష్టపరిహారం కట్టాలని చట్టం. పదికి ఒక్కరు తగ్గినా చిన్న వ్యాపారమని మినహాయింపు. తెలిశాక నేను నోరు మూసుకున్నాను. ఇంట్లో ఐదుగురు తినాలి మరి. ఇప్పుడు ఆ సాకు చెప్పుకుంటే నామీద నాకే అసహ్యం వేస్తుంది.

కోస్తావాళ్లతో కలిసి కొత్త రాష్ట్రం వచ్చిన రెండో ఏడు, పుష్యమాసంలో, కిష్టవ్వ కూర్చున్న మిషను రోలరుకు దూది చుట్టుకుంది. ఇంజను ఆపమని ఆమె కేక వేసింది. రహీమ్ లేవబోయాడు.

"ఆపకు!" అని అరిచాడు సేఠ్. "ఆపితే మళ్ల చాలు జెయ్యాల్నంటె గంట వడ్తది. నడుస్తుంటెనే తియ్యవే!"

తీసింది. కుడిచేయి మణికట్టు దాకా పోయింది. ఆమెను బండి ఎక్కిస్తుంటే సేఠ్ నెత్తురంటిన దూదిని వేరే పెట్టించాడు, మంచి దూది పాడవుతుందని. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

పదిరోజుల తర్వాత ఆమె మొగుడు అంతయ్య పనికి వచ్చాడు. సేఠ్ గేటు దగ్గరే ఆపేశాడు.

"ఒక్కనితోని మిషను నడుస్తదారా? జోడి ఉంటె రా, లేకుంటె పో."

చేయి పోయింది ఒకరిది, కూడు పోయింది ఇద్దరిది. చూడలేక రహీమే అర్జీ రాయించి ఆదిలాబాదు లేబరు ఆఫీసుకు పంపాడు.

హోళీకి ముందు ఆఫీసరు జీపులో వచ్చాడు. అతను కోస్తావైపు మనిషి, మర్యాదస్తుడే. ఆరోజు పొద్దున్నే సేఠ్ ఆడవాళ్లందరినీ గేటు బయటికి వెళ్లగొట్టాడు. షెడ్డులో మగవాళ్లు, పక్కన కుర్చీలో ఆఫీసరు, ఎదురుగా చేతికి గుడ్డ చుట్టుకున్న కిష్టవ్వ, ఆమె వెనక అంతయ్య.

"ఆమె మా పనిమనిషి కాదు సార్," అన్నాడు సేఠ్. "మొగనికి సద్ది తెచ్చింది, మిషన్ల చెయ్యి పెట్టింది. అయినా నాది చిన్న దందా. తొమ్మిదిమందే."

ఆఫీసరు నా బుక్కు తిరగేశాడు. "ఈమె పేరు ఎక్కడా లేదు కదమ్మా! నేనేం చేయను?"

"పేరు లేదు సారూ," అంది కిష్టవ్వ. "చెయ్యి ఉండె."

దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను. ఆఫీసరు కలానికి మూత పెట్టబోయాడు. ఆ మూత పడితే కిష్టవ్వ కథ ముగిసినట్టే. అప్పుడు లేచింది నా నోరు.

"సార్, ఎనిమిది మిషన్లకు ఎనిమిదిమందే అంటుండు గదా! ఒక్కనితోని ఒక్క మిషను నడిపి చూపెట్టుమనుండ్రి."

సేఠ్ నన్ను నమిలి మింగేలా చూశాడు. ఆఫీసరు మాత్రం కుర్చీ జరుపుకుని, "చూపించండి," అన్నాడు.

రహీమ్ ఇంజను తిప్పాడు. భూమవ్వ మొగుడు హనుమండ్లు మెట్టెక్కి పత్తి వేశాడు, కిందికి దూకి దూది లాగాడు, మళ్లీ ఎక్కాడు. నాలుగోసారి దిగేలోపే రోలరుకు దూది చుట్టుకుంది. మాడు వాసన వచ్చింది. కొత్త రోలరు, బొంబాయి నుంచి తెప్పించింది. సేఠ్‌కు ఆఫీసరూ కనపడలేదు, చట్టమూ కనపడలేదు.

"ఏయ్ భూమవ్వా! యాడ సచ్చినవే? వచ్చి దూది గుంజు, రోలరు కాలుతుంది!"

ఇంజను ఒక్కటే కొట్టుకుంటోంది.

"భూమవ్వ ఎవరు?" అని అడిగాడు ఆఫీసరు.

గేటు తోసుకుని భూమవ్వే వచ్చింది. ఆమె వెనుక మిగతా ఆరుగురు. మిషను వైపు కన్నెత్తి చూడలేదు. తిన్నగా నా దగ్గరికి వచ్చింది.

"మునీంసాబ్, బుక్కు తియ్యి. ముందుగల్ల కిష్టవ్వ పేరు రాయి. తర్వాత మా పేర్లు."

రాశాను. ఎనిమిది పేర్లు. కిష్టవ్వ ఎడమచేతి బొటనవేలు ముద్ర వేసింది. ఆఫీసరు ఒక్కొక్కరినీ వేలుపెట్టి లెక్కపెట్టి, తన కాగితంమీద 'పనివారు పదిహేడుగురు, మినహాయింపు వర్తించదు' అని రాసి సంతకం చేశాడు.

రోలరు నుంచి పొగ లేచింది. "ఇంజను ఆపురా!" అని గొంతు చించుకున్నాడు సేఠ్.

రహీమ్ కదల్లేదు. చేతులు కట్టుకుని అన్నాడు:

"ఆపితే మళ్ల చాలు జెయ్యాల్నంటె గంట వడ్తది సేఠ్. నడుస్తుంటెనే తియ్యి."