ఇరవై ఫిల్లర్ల నీళ్లు

రుహీకి అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే: కన్నకూతురికి తాను అక్కరలేని మనిషి అయిపోవడం. విషజ్వరాల కంటే, లారీ తోలే మొగుడు అష్ఫాక్ తడ చెక్‌పోస్టు దాటాక ఫోను ఎత్తకపోవడం కంటే ఆమె భయపడేది దానికే. నాలుగేళ్ల అఖ్సా నిద్రలో ఉలిక్కిపడి లేస్తే పిలిచేది అమ్మీని కాదు, దాదాను.

ఆ దాదా, అంటే రుహీ మామ నాయబ్ రసూల్, ఆ పొద్దున కూడా మెట్ల కింద అంగడిలో గోనెపట్టా మీద కూర్చుని ఉన్నాడు. టిఫిన్ బండివాళ్ల బర్నర్ ఒళ్లో పెట్టుకుని, సూదితో ఒక్కొక్క బెజ్జం పొడుస్తూ నోటితో ఊదుతున్నాడు. అరవై తొమ్మిదేళ్ల మనిషి. కుడిచేతి బొటనవేలికి సగం గోరే ఉంది. కళ్లజోడుకు ఒక పక్క కాడ విరిగితే నాడా కట్టుకున్నాడు. తిరుచానూరు సందుల్లో స్టవ్ సాయిబు అంటేనే ఆయన తెలుసు, పేరు చెబితే ఎవరికీ తెలియదు. ఎవరితోనూ గొడవ లేదు, ఎవరి పెళ్లిలోనూ ముందు వరుసలో కూర్చున్నది లేదు.

ఆయనకున్న పిచ్చి ఒకటే, అది మేడమీద ఉంది. రేకుల కింద మంచమంత బల్ల, దాని మీద మూటలకు బిగించే ఇనుప పట్టీలను కోసి గుండ్రంగా పరిచిన పట్టాలు, అగ్గిపెట్టెల స్టేషను, దాని మీద తెల్ల రంగుతో 'పాకాల'. చిన్నప్పుడు పాకాల షెడ్డులో ఇంజన్లు తుడిచే తండ్రికి సద్ది మోసుకుపోయినవాడు ఆయన. అలమరలో నాలుగు ఆవిరి ఇంజన్లు. రెండు చెన్నై పాతసామాన్ల అంగట్లో ఏరినవి, రెండు స్వయంగా చేసినవి. ఇప్పుడు ఐదోదాని పని నడుస్తోంది. ఎవరో తూకానికి అమ్మిన ఇత్తడి స్టవ్ పంపు గొట్టం దానికి బాయిలరు. కుక్కర్ వాల్వు దాని నెత్తిన కూర్చుంది.

ఇంజను ఏదైనా, బాయిలరులో సరిగ్గా ఇరవై ఫిల్లర్ల నీళ్లు పోయాలి. తగ్గితే గొట్టం మాడుతుంది, ఎక్కువైతే పొగగొట్టంలోంచి నీళ్లు కక్కుతుంది. పోసేది ఆయన, లెక్కపెట్టేది అఖ్సా. అఖ్సా ఇరవై అనందే ఆయన స్పిరిటు దీపం ముట్టించడు. పిల్ల అంకెలు నేర్చింది అక్కడే.

రుహీ కడుపులో మంట అదే. అమ్మ మంచాన పడితే ఎనిమిదో తరగతిలో బడి మానిన మనిషి తను. నా బిడ్డకు మొదటి అక్షరం నేనే దిద్దిస్తానని పలక కొని ఏడాదయింది. అఖ్సా దాని ముందు రెండు నిమిషాలు కూర్చోదు. పైగా ఆ ఫిల్లరు ఎవరిది? అఖ్సా మూడు నెలల పిల్లగా ఉన్నప్పుడు చుక్కల మందుతో వచ్చింది. దాంతో ఆ చిన్ని నోట్లో రోజూ చుక్కలు వేసింది రుహీ. అది కూడా మేడెక్కేసింది.

పదకొండు గంటలకు పక్కింటి నాగరత్నమ్మ గుమ్మంలో కూర్చుని, గుడికి ఇవ్వాల్సిన కనకాంబరాలు కడుతూ నవ్వింది.

"ఏమ్మే రుహీ, నీ బిడ్డను నువ్వు కన్న్యావా, మీ మామ కన్న్యాడా? ఎప్పుడు సూడు, మేడమీదే ఉండాది."

"ఆడ పొగబండి ఉండాది కదక్కా. నా దగ్గర ఏముండాది, పలకేగా."

"పొగబండి కాదులే, ఆయన కాడ మాట మెత్తన. నువ్వేమో పిలిస్తే చాలు, ఉలిక్కిపడి కసురుకుంటావు."

రుహీ కూడా నవ్వింది. లోపలికి వచ్చి గిన్నెలు గట్టిగా తోమింది. తరువాత మేడెక్కి, బల్ల మీద గాజుగ్లాసులోని ఫిల్లరు తీసుకుని, కిందికి తెచ్చి బియ్యం డబ్బాలో లోతుగా గుచ్చింది. నిప్పు, స్పిరిటు, చిన్నపిల్ల, నేను చేసింది తప్పా అని తనకు తానే చెప్పుకుంది.

మధ్యాహ్నం ఆయన పప్పుచారుతో అన్నం తిన్నాడు. నమాజు చేసుకుని మేడెక్కాడు. కాసేపటికి దిగి వంటింటి గడప దగ్గర నిలబడ్డాడు.

"ఫిల్లరు సూసినావా అమ్మా?"

"లేదు మామా. నేను పైకే రాలేదు."

ఆయన తలూపాడు. అరచేత్తో ఎడమ భుజం రుద్దుకున్నాడు. ఆయన చూపు గూట్లో ఉన్న డబ్బాల మీద ఆగింది. రెండడుగులు లోపలికి వేసి, బియ్యం డబ్బా మూతను రెండు చేతులతో గట్టిగా నొక్కాడు.

"సరిగా పడలేదు. పురుగు పడతాది."

రుహీ చెవులు వేడెక్కాయి. ఆయన మెట్లవైపు నడిచాడు.

అప్పుడే అంగన్‌వాడీ నుంచి అఖ్సా పరుగున వచ్చింది. నేరుగా మెట్ల దగ్గరికే. ఆయన మూడో మెట్టు మీద వంగి, పిల్ల చెవిలో ఏదో చెప్పాడు. పిల్ల ఆయన ముఖం చూసింది, గోరు కొరుక్కుంది. రుహీ తలుపు చాటునుంచి చూస్తూ పళ్లు బిగించింది. గుసగుసలు కూడానా వీళ్లకు.

అయితే అఖ్సా మేడెక్కలేదు. వచ్చి తల్లి ఒళ్లో కూర్చుంది.

"అమ్మీ, పలక."

పైన ఐదో ఇంజను మీద ఆకురాయి గీకే చప్పుడు మొదలైంది. కింద రుహీ కూతురి పిడికిలిని తన పిడికిలిలో పెట్టుకుని అ దిద్దించింది. మొదటిది పక్కకు పడిపోయింది. ఐదోది నిలబడింది. అఖ్సా తల వెనక్కి వాల్చి తల్లి గడ్డానికి ఆనించింది. జుట్టులో బడి దుమ్ము వాసన. మధ్యలో ఎప్పుడో పైన చప్పుడు ఆగింది. రుహీ విన్నది. హమ్మయ్య, ఆగిందిలే అనుకుంది. మళ్లీ మొదలైతే పిల్ల చెవులు అటు పోతాయని, ఆ గీకుడు ఇంక వినపడకూడదని కోరుకుంది. ఏడాదిగా అంత సుఖంగా ఆమె ఎప్పుడూ కూర్చోలేదు.

ఐదింటికి టీ పట్టుకుని మేడెక్కింది. ఆయన నీళ్ల తొట్టికి వీపు ఆనించి కూర్చుని ఉన్నాడు. ఆకురాయి ఒళ్లో ఉంది. కళ్లజోడు నాడా చెవి మీంచి జారింది. ఐదో ఇంజను పాకాల స్టేషను ముందు, బాయిలరు మూత తెరుచుకుని నిలబడి ఉంది. రెండుసార్లు పిలిచాక రుహీ టీ గ్లాసు కింద పెట్టింది.

అష్ఫాక్ చెన్నై నుంచి వచ్చాడు. మామకు మట్టి ఇచ్చి వచ్చారు. టిఫిన్ బండివాళ్లు బర్నర్ తీసుకుపోతూ, బాగుచేసే పెట్టినాడప్పా అని అంగడి ముందు కాసేపు నిలబడ్డారు.

తొమ్మిదో రోజున రుహీ బియ్యంలో చెయ్యి పెట్టి ఫిల్లరు తీసింది. అఖ్సా చూసింది.

"నేనే దాచిపెట్టినా," అంది రుహీ.

"దాదాకు తెలుసు."

"ఏం తెలుసు?"

"మెట్ల కాడ సెప్పినాడు. ఫిల్లరు అమ్మీ కాడే ఉండాదిలే, ఈ పొద్దు అమ్మీతో కూసో, నేను ఒంటరిగా గీక్కుంటా అన్న్యాడు."

రుహీ బియ్యం డబ్బా మూత పెట్టి నొక్కింది. ఆ ఒక్క సాయంత్రం తను గెలుచుకున్నాననుకుంది. అది కూడా ఆయన ఇచ్చి పోయిందే. పోయిన మనిషిని చూసి ఇంత కుళ్లుకోవచ్చునా అని సిగ్గుపడింది, అయినా కుళ్లుకుంది.

తరువాత ఇద్దరూ మేడెక్కారు. రుహీ పోసింది, అఖ్సా లెక్కపెట్టింది. ఇరవై దగ్గర ఆగారు. బాయిలరు కింద స్పిరిటు దీపం ఎలా ముట్టించాలో ఇద్దరికీ తెలియదు.

మీ మేడమీద కూడా ఎవరో ఒకరు తమ పిచ్చిలో తాము గీకుతూ, కొడుతూ ఉండే ఉంటారు. వాళ్ల మీద మీకు కోపం ఉంటే ఉండనీండి. చప్పుడు ఆగినప్పుడు మాత్రం చేతిలో పని అక్కడే వదిలి, ఒక్కసారి పైకి వెళ్లి చూసి రండి. ఇక్కడ పాకాల స్టేషను పక్కన, గాజుగ్లాసులో, మెడ దగ్గర ఒక బియ్యపు గింజ అంటుకుని, ఆ ఫిల్లరు ఉంది.