ఏడు కన్నాలు

మా ఆయన పోయాక చేతికొచ్చిన డబ్బంతా పెట్టి, తమ్ముడితో కలిసి పాత ఇల్లొకటి కొన్నాను. వెనక వాటాలో నేనుండి, ముందు వాటా బాగు చేయించి అద్దెకివ్వాలని. నా బతుకు ఆ అద్దె మీదే.

ముందుగది నేల చెక్కది. పలకల కింద బోలు. కొన్న వారంలోనే ఇల్లంతా కడిగి, బయట గోడ అడుగున కనిపించిన ఏడు కన్నాలనూ సిమెంటుతో మూసేశాను. ఎలుకలు దూరతాయని నా భయం. అది చెప్పుకునేంత పనని కూడా అనిపించలేదు.

రెండు నెలలకు, కొత్త రంగు వేసిన గదిలో ముక్కిన వాసన మొదలైంది. పలకలు ఉబ్బాయి. తలుపు నేలకు రాసుకుని కదలనంది. వడ్రంగి వచ్చి దాని అడుగు చిత్రిక పట్టి వెళ్లాడు. పది రోజులకు మళ్లీ బిగిసింది, మళ్లీ పట్టాడు. మూడోసారికి తమ్ముడికి విసుగొచ్చింది. అమ్మినవాడు మనల్ని నిలువునా ముంచాడని, అయినకాడికి వదిలించుకుందామని పట్టుపట్టాడు. అమ్మినవాణ్ణి నేనూ నోటికొచ్చినట్టు తిట్టాను. ముందు వాటాలో చేరతానన్న నర్సు వచ్చి చూసేదాకా మాత్రం ఆగమని బతిమాలాను.

ఆమె వచ్చే ముందురోజు వడ్రంగి ఒక పలక ఊడదీసి లోపలికి చెయ్యి పెట్టి చూశాడు. తరువాత బయటికెళ్లి గోడ చుట్టూ తిరిగొచ్చాడు.

"ఈ ఇంటికి ముక్కులు మూసిందెవరమ్మా?"

"ఇంకెవడు, ఆ అమ్మినవాడే" అన్నాడు తమ్ముడు.

"నేనే" అన్నాను.

తమ్ముడు నా వైపు తిరిగాడు. "నెల రోజులుగా నేను వాణ్ణి తిడుతుంటే వంత పాడావు కదక్కా."

కింది తడి ఆ కన్నాల్లోంచే గాలికి పోవాలట. తెరిస్తే నెలలో ఆరుతుందని వడ్రంగి చెప్పాడు. ఉలీ సుత్తీ అడిగి తీసుకుని ఏడూ నేనే తెరిచాను. ఎలుకలు రాకుండా సన్న జాలీ కొట్టించాను.

మర్నాడు నర్సు గడప దాటకముందే జరిగిందంతా చెప్పి, వాసన చూడమన్నాను. చూసి ముఖం చిట్లించింది.

"నెల ఆగుతాను పిన్నిగారూ. ఆరకపోతే ఆ మాట కూడా మీరే చెప్పాలి."

తమ్ముడు కూడా ఆ నెలే గడువిచ్చాడు.

రోజూ పొద్దున్నే పలకలకు అరచెయ్యి ఆనించి చూసుకునేదాన్ని. ఇరవై రోజులకు అవి సర్దుకున్నాయి. వాసన పోయింది. నర్సు మంచం, రెండు పెట్టెలు దించుకుంది. అమ్మే మాట తమ్ముడు మళ్లీ ఎత్తలేదు.

తలుపొక్కటే మిగిలింది. ముమ్మారు చిత్రిక పట్టించుకున్న తలుపు కదా, నేల ఆరి దిగేసరికి అడుగున రెండు వేళ్ల సందు పడింది. వడ్రంగి చెక్కపట్టీ కొలుచుకుంటూ అన్నాడు.

"ఎలుక దూరేది దీంట్లోంచమ్మా. ఇది మూద్దాం."