రెండు బటన్లు

దుకాణంలో ఆ వస్తువును ఏరికోరి తెచ్చింది నేనే. ఆ ఘనతలో ఇంకెవరికీ వాటా లేదు.

ఒకే మానిటర్, ఒకే కీబోర్డు, ఒకే మౌసు. వాటిని మా ఆవిడ కంప్యూటరుకూ నా కంప్యూటరుకూ మార్చి మార్చి వాడుకోవడానికి ఒక స్విచ్ కావాలి. అంతకుముందు ఎవరి బల్ల వాళ్ళకు, ఎవరి మానిటర్ వాళ్ళకు ఉండేది. ఉయ్యాలకు చోటు కావాలని నా బల్లనూ మానిటర్‌నూ తెలిసినవాళ్ళకు ఇచ్చేశాం. ఏడో నెలలో బిడ్డ కడుపులోనే పోయింది. ఉయ్యాల రాలేదు. ఆ మూల ఖాళీగా ఉండిపోయింది. ఇంకో బల్ల కొని అక్కడ వేద్దామని నేను అనలేదు, తనూ అనలేదు. ఆ మూల జోలికి వెళ్ళే ధైర్యం ఇద్దరికీ లేక ఒక్క బల్ల మీదే సర్దుకున్నాం.

దుకాణదారు రెండు రకాలు చూపించాడు. మొదటిదానికి ఒకే బటన్. నొక్కితే తెరా కీబోర్డూ కలిసి మారతాయి, ఎవరి వంతో తెలియడానికి చిన్న లైటు కూడా ఉంది. రెండోది నిజానికి రెండు డబ్బాలు. తెరకు ఒకటి, కీబోర్డుకూ మౌసుకూ ఒకటి, దేని బటన్ దానిదే. రెండూ కలిపినా మొదటిదాని ధరలో సగమే. ఒకే బటన్ ఉన్నది తెమ్మని మా ఆవిడ నేను బయలుదేరేటప్పుడే చెప్పింది. బిడ్డ పోయాక తను నోరు తెరిచి నన్ను అడిగింది అదొక్కటే. నేను మాత్రం మహా తెలివిగలవాడిలా, ఇంకో బటన్ నొక్కితే వేలు అరిగిపోతుందా అనుకుని రెండు డబ్బాలూ పట్టుకొచ్చాను. తను చూసి, వాటిని బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. రెండు మాటలు అన్నా బాగుండేది.

పొద్దున తన వంతు. ఒక కంపెనీకి వచ్చే ఫిర్యాదులకు జవాబులు రాస్తుంది, ఏదైనా రాసుకోవడానికి ఒక ఖాళీ పేజీ ఎప్పుడూ తెరిచి ఉంచుకుంటుంది. మధ్యాహ్నం నుంచి నాది. పాఠ్యపుస్తకాలకు ప్రూఫులు దిద్దుతాను. ఇతరుల తప్పులు ఇట్టే పట్టేస్తాను గానీ, టైపు చేయాలంటే మాత్రం రెండు వేళ్ళే, కళ్ళు కీబోర్డు మీదే.

ఆ రోజు తను స్నానానికి వెళ్ళింది. ముందురోజు నేను మా అక్కకు రాయబోయి "అక్కా" దగ్గరే ఆపేసిన ఉత్తరం నా కంప్యూటర్లో అలాగే తెరిచి ఉంది. బటన్ నొక్కాను, ఉత్తరం కనిపించింది. తల వంచుకుని కడుపులో ఉన్నదంతా కక్కేశాను. ఈ ఇంట్లో ఊపిరాడటం లేదని రాశాను. తన మొహం చూడాలంటేనే భయమేస్తోందని రాశాను. మోసింది తనే కదా, ఇంకాస్త జాగ్రత్తగా ఉంటే బిడ్డ దక్కేదేమోనని రాశాను.

తల ఎత్తేసరికి తెర మీద "అక్కా" తప్ప ఇంకేమీ లేదు. కీబోర్డు బటన్ నొక్కడం మరిచిపోయాను. రాసిందంతా గాల్లో కలిసిపోయిందనుకున్నాను. అది ఎక్కడో ఒకచోటికి చేరే ఉంటుందన్న ఆలోచనే రాలేదు. కక్కేశాక మనసు తేలికపడింది, వెంటనే సిగ్గేసింది. ఆ మాటలు మళ్ళీ రాయబుద్ధి కాలేదు. రెండో బటన్ నొక్కి వేరేలా రాశాను. తప్పు ఎవరిదీ కాదని, తను ఇంతవరకు ఏడవనే లేదని, అదే నా బెంగ అని, తను లేకపోతే నేను లేనని, వచ్చి నాలుగు రోజులు ఉండమని. అది అక్కకు పంపించేసి కూరగాయలకు వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి మా ఆవిడ బల్ల ముందు కూర్చుని ఉంది. తల తుడుచుకోలేదు, నీళ్ళు వీపు మీదకు కారుతున్నాయి. తెర మీద తన ఖాళీ పేజీ, దాని నిండా నా మాటలు.

ఇది సగమేనని, మిగతాది నా దాంట్లో ఉందని గబగబా చెప్పాను. బటన్ నొక్కాను. మళ్ళీ ఒకటే నొక్కాను, మౌసు కదల్లేదు. తనే చేయి చాచి రెండోది నొక్కింది. అక్కకు పంపిన ఉత్తరం చూపించాను. అప్పటికప్పుడు కల్పించింది కాదని, పంపిన సమయం కూడా చూపించాను. తను నిదానంగా చదివింది.

"నమ్ముతున్నాను," అంది. "ఇదీ నువ్వే రాశావు, అదీ నువ్వే రాశావు."

"అది కోపంలో ఏదో..."

"నా జాగ్రత్త చాలలేదని నాలుగు నెలలుగా నేనూ అనుకుంటున్నాను. నువ్వొక్కడివైనా అలా అనుకోవడం లేదని ధైర్యంగా ఉన్నాను."

అప్పుడు ఏడ్చింది. నేను ఏ ఏడుపు కోసం బెంగపెట్టుకున్నానో అదే. దగ్గరికి వెళ్ళబోతే చెయ్యి అడ్డం పెట్టింది. కూరగాయల సంచితో అలాగే నిలబడ్డాను.

అక్క మూడో రోజున వచ్చింది. వెళ్ళేటప్పుడు మా ఆవిడనూ వెంట తీసుకెళ్ళింది. తన కంప్యూటరు కూడా వెళ్ళింది. ఎప్పుడొస్తుందో నేను అడగలేదు, తను చెప్పలేదు.

డబ్బాలు రెండూ బల్ల మీదే ఉన్నాయి. పనికి కూర్చునే ముందు రెండు బటన్లూ నొక్కుతాను. తెర తన వైపు మారి నల్లబడుతుంది. కాసేపు చూసి, మళ్ళీ రెండూ నొక్కుతాను. ఇప్పుడు ఒక్కసారి కూడా మరిచిపోవడం లేదు.