నా వీపు మీది మాట

పిన్నీసులు దాచుకునే తెల్ల ప్లాస్టిక్ డబ్బాను నేను. ఇది ఇప్పటి బతుకు. పుట్టినప్పుడు నా దర్జాయే వేరు. నా కడుపులో అరవై క్యాప్సూల్స్, వాటి నిండా పుట్టగొడుగుల పొడి. నా నుదుట బంగారు అక్షరాలతో 'మరుపు మాయం, నేర్చింది పదిలం' అని అంటించారు. అబ్బో, ఎంత మురిసిపోయానని! నుదుట రాసింది నిజమే అయ్యుంటుందనుకున్నాను.

నన్ను హేమకుమారి తెచ్చి మంగతాయారు చేతిలో పెట్టింది. మంగతాయారు ముప్ఫయ్యేళ్లుగా పద్యనాటకాల్లో రాణి వేషం కడుతున్న మనిషి. హేమ ఆవిడ దగ్గర పద్యం నేర్చుకుని, ఆవిడ పక్కనే చెలికత్తెగా నిలబడేది. ఆ యేడు మంగతాయారుకు పద్యం మూడో పాదంలో జారిపోవడం మొదలైంది. పక్కతెర చాటున పుస్తకం పట్టుకుని కూర్చునే సూరన్న మాట అందిస్తుంటే ఎలాగో నెట్టుకొస్తోంది. ఈసారి పరిషత్తు పోటీల్లో తడబడితే వేషం మార్చేస్తామని నాటక సమాజం వాళ్లు చెప్పేశారు.

"వేషం పోతే నేనేం మిగుల్తానే హేమా!" అని ఆవిడ బావురుమంది.

"రోజుకు రెండు మింగక్కా. మా ఆడపడుచు కూతురు ఇవి వాడే ర్యాంకు కొట్టింది. ఇక నీకు సూరన్న మావతో పనేముంది?"

పిచ్చితల్లి నమ్మింది. ఆవిడకంటే ముందు నేను నమ్మాను. రోజూ పొద్దున్నే సూరన్న మొదటి మాట అందిస్తే పద్యాలన్నీ వల్లెవేయడం ఆవిడకు అలవాటు. మాత్రలు మొదలుపెట్టాక అది కాస్తా మానేసింది. ఇంట్లో ఓసారి పద్యం గడగడా అప్పజెప్పి, "చూశావా బాబాయ్, ఒక్క అక్షరం పోలేదు!" అంది.

"ఇంట్లో ఎప్పుడు పోయిందమ్మాయ్? పోయేది స్టేజీ మీద. నేను కూర్చుంటాలే."

"అంటే నా మీద నమ్మకం లేదన్నమాట!" అని ఆవిడ అలిగింది. పోటీ రోజున సూరన్న పుస్తకం చంకన పెట్టుకుని వెళ్లి జనంలో కూర్చున్నాడు. ఆయన స్టూలు మీద శుభమని నన్ను పెట్టారు.

మూడో పాదం దగ్గర పద్యం ఆగింది. హార్మోనియం శ్రుతి పట్టుకుని ఎంతసేపు ఆగుతుంది? మంగతాయారు అలవాటు కొద్దీ పక్కతెర వైపు చూసింది. అక్కడ నేనున్నాను. ఒక్క మాట అందించలేకపోయాను. జనం ఈలలు వేశారు.

మేకప్ గదిలో ఆవిడ నన్ను గోడకేసి కొట్టింది. సూరన్న వచ్చి నన్ను ఏరి, కళ్లజోడు సర్దుకుని, నా వీపు మీది చీమతలకాయంత అక్షరాలు పైకి చదివాడు: 'ఇది మందు కాదు. జ్ఞాపకశక్తి పెరుగుతుందని రుజువు కాలేదు.'

నా వీపు నాకెలా కనపడుతుంది చెప్పండి! నుదుట ఒకటి, వీపున ఒకటి రాసి, నన్ను కన్నవాళ్లే నన్ను మోసం చేశారు. మోసకారినన్న తిట్టు మాత్రం నాకు మిగిలింది.

రాణి వేషం హేమకు దక్కింది. అక్క వదిలేసిన నన్ను తను తీసుకుని, మిగిలిన మాత్రలు పారబోసి నాలో పిన్నీసులు పోసుకుంది. మొదటి ప్రదర్శన రోజు నన్ను సూరన్న స్టూలు పక్కన పెట్టుకుని, పైట సర్దుకుంటూ, "మావా, నువ్వు లేందే నేను స్టేజీ ఎక్కను. కదలకుండా కూర్చో" అంది.

సూరన్న నన్ను అటూ ఇటూ తిప్పి చూశాడు. "దీని వీపు చదవకుండానే ఇచ్చావా అమ్మాయ్, ఆవిడకి?"

హేమ నోట్లోని పిన్నీసు తీసి పైటకు గుచ్చుకుంది. "చదివాను మావా. అక్క అడగలేదుగా."

తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే. సూరన్న పుస్తకం మూసి చంకన పెట్టుకుని, నన్ను స్టూలు మీద పెట్టి, మెట్లు దిగి మంగతాయారు ఇంటి దారి పట్టాడు.

మూడో గంట కొట్టారు, తెర లేచింది. హేమ పద్యం ఎత్తుకుంది. మూడో పాదంలో గొంతు తడబడి పక్కతెర వైపు చూసింది. స్టూలు మీద నేనొక్కదాన్నే ఉన్నాను.