ఏటివైపు ఇళ్ళు

పెళ్ళయి పంతొమ్మిది రోజులైంది. ఈ ఇంట్లో అడుగుపెట్టాక నాకు కుడి, ఎడమ లేకుండా పోయాయి.

"నీ ఏటివైపు పిన్ను జారుతోంది," అన్నారు మా ఆయన. ఏరు కోసం కిటికీలోంచి చూశాను. బస్సుల డిపో కనబడింది. ఆయన పడీ పడీ నవ్వి, నా ఎడమ చెవి వెనక పిన్ను తానే సర్దారు. అప్పటినుంచి ఆ పిన్ను కావాలనే వదులుగా పెట్టుకుంటున్నాను.

వీళ్ళ ఊరు ఆనకట్ట నీళ్ళలో మునిగి అరవై ఏళ్ళు దాటింది. వీధికి ఎడమన ఏరు, కుడిన కొండ ఉండేవట. ఊరు పోయినా ఆ మాటలు పోలేదు. ఇంట్లో ఊరు చూసింది నాయనమ్మగారొక్కరే. బెంగ మాత్రం చూడనివాళ్ళకే ఎక్కువ. మామయ్యగారు ఊరు మునిగాక పుట్టారు, అందుకే ఊరివాళ్ళ సంఘానికి ఆయనే అధ్యక్షులు.

నేను భవనాల ప్లాన్లు గీస్తాను. అందుకని ఆదివారం సభకి ఊరి పటం గీయమన్నారు. ఇక ఫోన్లే ఫోన్లు. "మాది ఏటివైపు మేడ, అమ్మా!" "మాదీ అటే, పెరట్లో బావి మరవకు!" నలభై మూడు ఇళ్ళూ ఏటివైపే. వీధి మూడు కిలోమీటర్లు తేలింది. కొండవైపు ఒక్క గుడిసె లేదు.

నాయనమ్మగారు కళ్ళద్దాలు పెట్టుకుని వంగి చూశారు. "మా గది ఏదే పిల్లా?"

"ఇదిగోండి, ఈ మేడ."

"మేడేంటే! కొండవైపు కుట్టుపనావిడ ఇంట్లో ఒక్క గది, అద్దెకి. మంచం వేస్తే తలుపు తెరుచుకునేది కాదు. మీ తాతయ్య కిటికీలోంచి దిగేవారు. నేను పోగొట్టుకున్నది ఆ గదినే తల్లీ. అదే వెయ్యి."

మామయ్యగారు అదిరిపడ్డారు. "అధ్యక్షుడిది అద్దె గదేమిటి? ఆదివారం ఎన్నికలో నాకు పోటీ ఆ మాస్టారు, నా పదవి ఎగరేసుకుపోతారు! అమ్మాయ్, మేడ ఉంచు!"

మా ఆయన రబ్బరు అందించారు. మేడ చెరిపేశాను.

ఆదివారం పటం గోడకెక్కింది. కొండవైపు ఒంటరిగా ఒక చిన్న గది. మాస్టారు దగ్గరికొచ్చి చాలాసేపు చూశారు. మామయ్యగారు కళ్ళు మూసుకున్నారు.

"దీని పక్కన మాదీ ఒక గది వెయ్యమ్మా," అన్నారు మాస్టారు నెమ్మదిగా. "వంట కూడా అందులోనే."

ఆయన వెనక అందరూ వరస కట్టారు. టీ వచ్చేసరికి కొండవైపు కిక్కిరిసింది, ఏటివైపు బోసిపోయింది. అప్పుడు మొదలైంది అసలు గొడవ.

"మాది మీదానికంటే చిన్నది!"

"మాకసలు గోడలు మూడే!"

మామయ్యగారు కుర్చీ ఎక్కారు. "మా గదిలో మంచం వేస్తే తలుపే తెరుచుకునేది కాదు! కిటికీలోంచి దూకుతూ పెరిగాను నేను!"

చప్పట్లు మోగాయి. మళ్ళీ ఆయనే అధ్యక్షులు.

"ఒసే, వీడప్పటికి పుట్టనేలేదే!" అంటూ నాయనమ్మగారు నా భుజం మీద వాలి నవ్వారు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, పటంలో తన గది మీద వేలు పెట్టారు.

"కిటికీ మరిచిపోయావు."

ఏటివైపు గోడకి కిటికీ పెట్టాను.