ఎత్తెయ్ అన్న మాట

ఆ తెల్లవారుజామున నల్లమల వైపు నుంచి మబ్బు కిందికి దిగి పల్లె మీద అట్లాగే ఆగిపోయింది. వాన లేదు. గాలి లేదు. కొమ్మన ఆకు కదలలేదు. ఎండ కాసినా నయమే కానీ, ఇలాంటి ఉక్కలో పాలు ఎంతోసేపు నిలవవని పాడి ఉన్న ప్రతి ఇంటికీ తెలుసు.

త్రిపురాంతకం అవతల ఉన్న ఆ పల్లెలో పాలకేంద్రం నడిపేది నరసమ్మ. ఒకటే గది. గదిలో వెన్న శాతం చూసే యంత్రం, దానికి తగిలించిన పాత కంప్యూటరు. యంత్రం చూసింది కంప్యూటరులోకి ఎక్కితేనే చీటీ వస్తుంది. చీటీ లేని పాలను డెయిరీ వ్యాను ఎక్కించుకోదు. వ్యాను ఎనిమిదింటి దాకా ఆగుతుంది. పాలు చల్లబరిచే తొట్టి ఆ ఊళ్లో లేదు.

కూతురు ముబాషిరా స్కూటీ నడుపుతుంటే వెనక కూర్చుని కాలేషా ఆరింటికి మార్కాపురం నుంచి వచ్చాడు. షుగరు వచ్చాక అతని చూపు మందగించింది. కంప్యూటర్ రిపేరు దుకాణం అతనిదే అయినా, రెండేళ్లుగా సన్నపనంతా కూతురు చేతిమీదే నడుస్తోంది.

అంతకుముందు రోజు నరసమ్మ కంప్యూటరులోని హార్డ్ డిస్కును ఊడదీయించి, తువ్వాలులో చుట్టుకుని దుకాణానికి తెచ్చింది. లోపల ఏదో టిక్కు టిక్కుమని కొట్టుకుంటోంది. అది పూర్తిగా పోకముందే, అందులో ఉన్నదంతా కొత్త డిస్కులోకి ఉన్నదున్నట్టు దింపాలి. కాలేషా కురిచేడులో చుట్టాలింటి పెళ్లిలో ఉన్నాడు. ఫోనులో చెప్తుంటే ముబాషిరా దింపింది. కంప్యూటరు పల్లెలోనే ఉండిపోవడంతో పెట్టి చూసే వీలు లేకపోయింది. ఆ సాయంత్రం కేంద్రం తెరవలేదు.

ఇప్పుడు ముబాషిరా కొత్త డిస్కు బిగించి మీట నొక్కింది. ఫ్యాను తిరిగింది. నల్లటి తెర మీద తెల్లగా ఒక ఇంగ్లీషు వాక్యం వచ్చి నిలబడింది.

"ఏమంటది పాపా?" అంది నరసమ్మ.

"బూటయ్యే డిస్కు లేదంటాంది అత్తా."

"నా కండ్ల ముందరే లోపల పెడితివి గదా! లేదంటదేంది?"

కాలేషా కేబులు మార్పించాడు. వేరే సాకెట్లో పెట్టించాడు. సెట్టింగుల్లోకి పోయి చూడమన్నాడు. కొత్త డిస్కు పేరు అక్కడ కనబడుతూనే ఉంది. ఇంట్లో మనిషున్నాడు, పిలిస్తే పలకడం లేదన్నట్టుంది. పాత డిస్కును తగిలించి చెవి దగ్గరగా పెట్టుకున్నాడు. మూడుసార్లు టిక్కుమంది. తర్వాత ఆ చప్పుడు కూడా లేదు.

దాన్ని మెల్లగా బల్లమీద పెట్టాడు. అది పూర్తిగా పోయిందని ఆ పెట్టడంలోనే ముబాషిరాకు అర్థమైంది.

బయట క్యాన్ల వరస గోడ మలుపు దాకా పోయింది. అందరికంటే ముందు మల్లయ్య. ట్రాక్టరు మీద రెండు క్యాన్లు తెచ్చుకుని అయిదున్నర నుంచీ నిలబడి ఉన్నాడు.

"ఏం కాలేషా మామా, పెట్టె అలిగిందా?"

కాలేషా పాత డిస్కును పక్కకు జరిపాడు.

"అలగదా మరి! నువ్వేమో కురిచేడులో బిర్యానీ తింటా ఉంటివి, ఈడ పని ఆడపిల్ల చేతికిస్తివి."

వెనక ఎవరో నవ్వారు. ముబాషిరా తల ఎత్తలేదు, చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. కాలేషా విన్నాడు. స్క్రూడ్రైవరును ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. అంతే.

"నువ్వు నోరు మూసుకోరాదా మల్లయ్యా. పాలు చల్లగ ఉంటయ్," అంది నరసమ్మ.

ముబాషిరా రిపేరు పెన్‌డ్రైవ్ పెట్టి దాంతో కంప్యూటరును లేపింది. కొత్త డిస్కు లోపల చూసింది. రైతుల పేర్లు, డెయిరీ ప్రోగ్రాము అన్నీ ఉన్నాయి. ఏడు దాటి పది నిమిషాలైంది.

"అన్నీ ఉండయ్ అబ్బా. ఎందుకు లేవదో తెలవడంల్యా," అంది తండ్రితో.

"డిస్కులో ఎన్ని ముక్కలుండయ్?"

"ఒకటే. పెద్దది."

"చిన్నముక్క ఏది? మొదట్లో ఉంటదే, అయిదొందల ఎంబీది."

"మీరే గదా ఎత్తెయ్ అనింది."

"ఔ. ఎత్తెయ్ అన్నా. ఎత్తలా?"

"ఎత్తేసినా. అందుకే లేదు."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

ఇంట్లో ఉర్దూ మాట్లాడుకున్నా దుకాణం మాటలన్నీ తెలుగులోనే నడుస్తాయి. కాలేషా పని నేర్చింది టేప్‌రికార్డర్ల కాలంలో. ఒక క్యాసెట్టులోంచి ఇంకో క్యాసెట్టుకి పాటలు ఎక్కించడాన్ని అతని దుకాణంలో ఎత్తడం అనేవాళ్లు. 'ఆ వైపు గూడా ఎత్తెయ్' అంటే రెండోవైపు కూడా నకలు తీయమని. ఆ క్యాసెట్లు పోయి ఇరవై ఏళ్లయింది, మాట మాత్రం అతని నోట్లో ఉండిపోయింది. ముబాషిరాకు నకలంటే కాపీ. ఎత్తెయ్యడమంటే తీసెయ్యడం. పైగా డిస్కులో విడి భాగంగా ఉండే ఆ చిన్నముక్క చూడ్డానికి ఖాళీగా కనబడింది. నాయన ఫోనులో 'ఆ చిన్నముక్క ఎత్తెయ్, మర్చిపోవద్దు' అంటే, మర్చిపోకుండా వదిలేసింది.

కంప్యూటరు లేచేటప్పుడు మొదట చూసేది ఆ ముక్కనే. ఇల్లంతా వచ్చింది, వాకిలి రాలేదు.

"పెద్దముక్కను కొంచెం కోసి చిన్నదానికి చోటు చేస్తా. పది నిమిషాల్లో అయిపోతది," అంది ముబాషిరా.

పైన బల్బు ఒక్కసారి ఎర్రగా కుంగి మళ్లీ వెలిగింది.

"ఆగు," అన్నాడు కాలేషా. "నరసమ్మా, బ్యాటరీ పెట్టె పని చేస్తాదా?"

"అది పోయి ఏడాదాయ అన్నా. మబ్బు పట్టిందంటే కరెంటూ ఉండదు."

డిస్కును కోస్తుండగా కరెంటు పోతే ఆ పెద్దముక్క కూడా పాడవుతుంది. ఇంకో నకలు లేదు. డెయిరీ ప్రోగ్రాము కొత్తగా ఎక్కించాలంటే కంపెనీ మనిషి ఒంగోలు నుంచి రావాలి, వారం పడుతుంది. వారం పాటు నలభై ఇళ్ల పాలు ఏమైపోవాలి?

"డిస్కును ముట్టుకోవద్దు. వాకిలి బయట పెడదాం. పెన్‌డ్రైవ్ మీద," అన్నాడు.

ముబాషిరా ముఖం వెలిగింది. వెంటనే ఆరిపోయింది. "మన పెన్‌డ్రైవ్ మీద రిపేరుది నడుస్తా ఉంది. ఇంకొకటి గావాల."

నరసమ్మ గుమ్మంలో నిలబడి అరిచింది. వరసలో ఎవరి దగ్గరా లేదు. కాసేపటికి మల్లయ్య నింపాదిగా ట్రాక్టరు దగ్గరికి పోయి, పాటల పెట్టెలోంచి ఒకటి పీక్కొచ్చాడు.

"నాలుగొందల పాటలుండయ్ మామా దీంట్లో. ఏరి ఏరి ఎక్కించుకున్నా."

"అన్నీ పోతయ్ మల్లయ్యా."

మల్లయ్య దాన్ని బొటనవేలితో తుడిచాడు. క్యాన్ల వైపు చూశాడు. "పోనీ," అని ముబాషిరా చేతిలో పెట్టాడు.

ఇప్పుడు తప్పు అంకె కొడితే పాటలకు బదులు పాలకేంద్రమే తుడిచిపెట్టుకుపోతుంది. కాలేషాకు తెర మీద అక్షరాలు ఆనవు. కూతురి భుజం వెనక నిలబడ్డాడు.

"చదువు."

"డిస్కు సున్నా, రెండొందల ముప్పై ఎనిమిది జీబీ. డిస్కు ఒకటి, ఇరవై తొమ్మిది, మన రిపేరుది. డిస్కు రెండు, పద్నాలుగు."

"పాటలది ఏది?"

"రెండు."

"ఇంగోసారి చదువు."

చదివింది. గదిలో నరసమ్మ ఊపిరి కూడా వినిపిస్తోంది. బయట వ్యాను హారను మోగింది.

"కొట్టు," అన్నాడు.

కొట్టింది. రెండు వరసల ఇంగ్లీషు వచ్చి ఆగింది. రిపేరు పెన్‌డ్రైవ్ పీకేసి మళ్లీ మీట నొక్కింది. నల్లటి తెర. బల్బు ఇంకోసారి కుంగింది. కాలేషా కళ్లు మూసుకుని ఫ్యాను చప్పుడు వింటూ నిలబడ్డాడు. ముబాషిరా అతని మణికట్టు పట్టుకునేదాకా కళ్లు తెరవలేదు. తెర మీద నీలిరంగు, దాని మీద పాలక్యాను బొమ్మ.

ఏడూ నలభై.

"రాండి, రాండి!" అని నరసమ్మ కేక పెట్టింది. ముబాషిరా తెల్లటేపు ముక్క మీద 'తీయరాదు' అని రాసి పెన్‌డ్రైవ్ మీద అంటించింది.

మల్లయ్య మొదటి క్యాను మూత తీశాడు. నరసమ్మ వంగి వాసన చూసి ఆగిపోయింది.

"ఈ పొద్దుటివేనా ఇవి?"

"సగం రాత్రివి. నిన్న సాయంత్రం నువ్వు తెరవలేదు గదా. కలిపినా."

గరిటెడు తీసి స్టవ్ మీద పెట్టింది. పొంగకముందే విరిగి తరకలు తేలాయి. రెండో క్యానూ అంతే. వ్యాను డ్రైవరు రాజేష్ తల అడ్డంగా ఊపాడు. మల్లయ్య క్యాన్లు పక్కకు జరిపి వెనకవాళ్లకు దారి ఇచ్చాడు. ఒక్కొక్క చీటీ వస్తోంది, ఒక్కొక్క క్యాను వ్యాను ఎక్కుతోంది. పది నిమిషాలు ఎక్కువే ఆగి, ఎనిమిదీ పదికి వ్యాను కదిలింది. మిగతా ఇళ్ల పాలన్నీ వెళ్లాయి.

కాలేషా బయటికొచ్చి మల్లయ్య ఎదుట నిలబడ్డాడు. ఇంకా పోనివాళ్లు పదిమంది దాకా ఉన్నారు.

"మల్లయ్యా, పిల్లది ఏం తప్పు లేదు. ఎత్తెయ్ అనింది నేను. అది నేను అన్నట్టే చేసింది. నువ్వు అన్నప్పుడే చెప్పాల్సింది. చెప్పలా."

మల్లయ్య వంగి క్యాన్ల మూతలు బిగించాడు.

"ఆరింటికే పోసింటే నిలిచేవేమో మామా."

"నిలిచేవి."

నరసమ్మ రెండు క్యాన్లలోంచీ తపేలాకు పట్టినన్ని పాలు తీసుకుని ఇంట్లోకి పోయింది. విరిగిన పాలను గుడ్డలో వడగట్టి, బెల్లం వేసి పొయ్యి మీద దగ్గరికి ఉడికించింది. జొన్నరొట్టెలు చేసింది. అరుగు మీద చాప పరిచి నాలుగు పళ్లేలు పెట్టింది. మల్లయ్య వెళ్లిపోబోతే రెక్క పట్టుకుని కూర్చోబెట్టింది.

ముబాషిరా నాయన పక్కన కూర్చుంది. కాలేషా రొట్టె తుంచి, పాలవిరుగుడు అద్దుకుని నోట్లో పెట్టుకున్నాడు. మల్లయ్య తన పళ్లెంలోకి చూస్తూ తిన్నాడు. నరసమ్మ ఇంకో రొట్టె తెచ్చి మల్లయ్యకు సగం, ముబాషిరాకు సగం వేసింది. ఎవరూ వద్దనలేదు.